ఇంటి గొంతు

“మేడమ్, ఏడో నంబరు మళ్ళీ బెదిరిందండి,” అంది రెహానా.

హైమావతి టీ కప్పు చేత్తో పట్టుకునే వచ్చి ఆమె వెనక నిలబడింది. స్క్రీను మీద గీతలు కనిపిస్తున్నాయి. ఒకటి నాడి, ఒకటి అరచేతి చెమట, ఒకటి ఊపిరి, ఒకటి వేళ్ళ కదలిక. అన్నీ కాసేపు మామూలుగా నడిచాయి. ఉన్నట్టుండి నాడి, చెమట నిలువుగా పైకి లేచాయి. అదే చోట ఊపిరి దాదాపు ఆగిపోయింది. వేళ్ళు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

“పిన్ను కొడుతున్నప్పుడేనా?”

“అప్పుడే. అంతకు ముందు ఫోనేమీ రాలేదు. మెసేజీ లేదు, లింకు లేదు. మరి ఈవిణ్ణి భయపెట్టిన దొంగ ఎక్కణ్ణుంచి వచ్చాడు?”

ఫోను దొంగలు గెలిచేది అబద్ధంతో కాదని, తొందరతోనని హైమావతికి అర్థం కావడానికే చాలా ఏళ్ళు పట్టింది. మీ ఖాతా ఇప్పుడే మూసేస్తున్నాం, మీ పేరు మీద పార్సిలు పట్టుబడింది, ఫోను పెట్టేస్తే పోలీసులొస్తారు అంటూ మనిషికి ఊపిరి తీసుకునే సందు ఇవ్వరు. ఉత్తినే భయపడ్డ మనిషి అరుస్తుంది, పక్కవాళ్ళని పిలుస్తుంది. భయపడుతూనే చెప్పినట్టు చేసే మనిషి ఒంటి తీరు వేరు. ఆ తీరుని పసిగట్టే గాజుని ఆమె తయారుచేసింది. మగవాళ్ళకైతే కడియం. గాజు బెదురుని పట్టుకుందంటే బ్యాంకు ఖాతా గంటసేపు మూసుకుపోతుంది. పిన్ను సరైనదే కొట్టినా డబ్బు కదలదు. ఆ గంటలో మనిషి తేరుకుంటుంది, మంచినీళ్ళు తాగుతుంది, ఎవరినో ఒకరిని అడుగుతుంది.

రుషికొండ మీది ఆ చిన్న ప్రయోగశాలలో ఇప్పుడు నడుస్తున్నది మొదటి విడత. అరవై దాటిన కొందరి చేతులకి గాజులు, కడియాలు వేశారు. అవి ప్రస్తుతానికి గమనిస్తాయి, అంతే. వణకవు, ఖాతా మూయవు. వేసుకున్నవాళ్ళ పేర్లు బయటికి రావు, నంబర్లే.

“ఒక్కటి మాత్రం పట్టుకున్నానండి,” అంది రెహానా. “గాజు మాటలు దాచుకోదు గానీ గొంతు ఆనవాలు దాచుకుంటుంది కదా. ఏడో నంబరు బెదిరిన ప్రతిసారీ పక్కన ఒకటే గొంతు. ఆడగొంతు. అదీ నెల మొదట్లో, పొద్దున్నే.”

“అయితే?”

“ఇంట్లోవాళ్ళే మేడమ్. పింఛను పడగానే పక్కన కూర్చుని లాగేసుకుంటున్నారు. కోడలై ఉంటుంది. చదువుకున్న రాక్షసి లాగుంది, గొంతు కూడా పెంచదు.”

“అలా అనెయ్యకు. వాళ్ళింట్లో సంగతి మనకేం తెలుసు?”

రెహానా భోజనానికి వెళ్ళింది. హైమావతి ఆ కుర్చీలో కూర్చుంది. తర్వాత మైకు దగ్గరికి లాక్కుంది. నోట్లో ఆ మాటలు ఎంత సులువుగా వచ్చాయంటే, ఆలోచించాల్సిన పని లేకపోయింది.

“బేగి కొట్టండత్తయ్యా. నాకు అవతల ఆలస్యం అయిపోతంది.”

ఏడో నంబరు పక్కనున్న గొంతుతో కలిసిందని స్క్రీను చూపించింది. హైమావతి తన మాటని చెరిపేసి, తలుపు వైపు చూసి, చెరిగిందో లేదో మళ్ళీ చూసుకుంది.

*

ఆమె అత్తగారు పైడమ్మకి భర్త పోయాక కుటుంబ పింఛను వస్తుంది. ఆ డబ్బు ఫ్లాటు వాయిదాకి వెళ్తుంది. అలా వెళ్ళాలని ఎవరూ ఎప్పుడూ తీర్మానించలేదు. ఒక నెల కొడుకు సన్యాసిరావుకి జీతం ఆలస్యమైతే వెళ్ళింది, ఆ తర్వాత వెళ్తూనే ఉంది. ఒకటో తారీకు పొద్దున హైమావతి చేతిసంచి భుజాన వేసుకుని, ఫోను అత్తగారి ముందు పెట్టి, ఎంత పంపాలో తనే నొక్కి, మొహం కిటికీ వైపు తిప్పుకునేది.

“నేను చూడనత్తయ్యా. పిన్ను మీరే కొట్టండి.”

అలా మొహం తిప్పుకోవడం ఆమెకి గర్వంగా ఉండేది. తన అత్తగారి పిన్ను ఏమిటో ఈ రోజుకీ తనకి తెలియదని సభల్లో కూడా చెప్పింది. వినేవాళ్ళు తలలూపారు.

గాజు తొడిగిన రోజు కూడా గుర్తొచ్చింది. పైడమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. “నాకు గాజేటమ్మా? మీ మావయ్య పోయాక తీసేసిన సెయ్యి ఇది. నలుగురూ ఏటనుకుంటారు?” అంది. “ఇది గాజు కాదత్తయ్యా, మిషను. బేగి ఇలా ఇవ్వండి చెయ్యి,” అని హైమావతి తొడిగేసింది. అప్పట్నుంచీ పైడమ్మ దాన్ని పమిట చెంగు కింద దాచుకుని తిరుగుతోంది.

ఆ సాయంత్రం హైమావతి ఇంటికి పెందరాళే వచ్చింది. హాల్లో పైడమ్మ ఎవరిదో పట్టు చీరకి ఫాల్ కుడుతోంది. తలుపు చప్పుడుకి చీర పక్కన పెట్టి లేవబోయింది.

“కూర్చోండి, ఎందుకు లేస్తారు?”

“ఏటీ లేదు. టీ పెడదావని.”

“నేను పెడతాను.”

పైడమ్మ ఆమె మొహంలోకి చూసింది. “ఏటైంది? వొంట్లో బాగుండలేదా?”

హైమావతి టీ పెట్టి తెచ్చింది. పైడమ్మ జంతిక ముక్క టీలో ముంచి, మెత్తబడేదాకా ఆగి, నోట్లో పెట్టుకుంది. దవడ పళ్ళు ఊడి చాలా కాలమైంది. పళ్ళ సెట్టు కట్టించాలని అనుకోవడం, వచ్చే నెల చూద్దామని హైమావతి అనడం కూడా పాతబడింది. ఈ మధ్య ఆమె అడగడం మానేసింది. ఫాల్ కుట్టిన డబ్బు కాలనీ ఆడవాళ్ళు ఫోన్లోనే పంపుతారు. అది పళ్ళ కోసమే దాచుకుంటోందని హైమావతికి తెలుసు. తెలిసినట్టు కనబడేది కాదు.

“అత్తయ్యా, ఒక మాట అడుగుతాను, నిజం చెప్పాలి. నేనంటే మీకు భయమా?”

పైడమ్మ నవ్వింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

“నువ్వేటి, పులివా ఎలుగుబంటివా? బయ్యమేటి! ఎవులైనా ఏటైనా అన్నారేటి?”

“ఎవరూ అనలేదు.”

“అలగైతే ఆ టీ తాగు, సల్లారిపోతంది.”

హైమావతి తాగింది. మనసు తేలికపడింది. అంత నవ్వుతూ అన్న మాటని నమ్మడంలో తప్పేమీ కనిపించలేదు. నవ్వుతూ చెంగు పట్టుకున్న ఆ చేతికి గాజు ఉంది. కావాలంటే ఆ క్షణం ఆమె ఒంట్లో ఏం జరిగిందో మర్నాడు ల్యాబులో చూడొచ్చు. హైమావతి చూడలేదు.

*

ప్రయోగానికి డబ్బు పెడుతున్న బ్యాంకు తరఫున చక్రపాణి అనే పెద్ద అధికారి వచ్చాడు. ఆయన భార్య కూడా ఒక గాజు వేసుకుంది. మిగతా నంబర్లలోనూ అక్కడక్కడా అదే తీరు బయటపడింది. ఒకచోట భర్తదనిపించే మగ గొంతు, ఒకచోట కొడుకుదనిపించే గొంతు. చక్రపాణి కాగితాలు పక్కకి జరిపాడు.

“దొంగల్ని పట్టమంటే మీ గాజు ఇంటాయన్ని పట్టుకుంటోందేంటండీ! కొడుకు పక్కన కూర్చుని పంపమంటే ఖాతా మూసేస్తే, తెల్లారేసరికి ఖాతాదారులు మా కౌంటరు మీదకి ఎక్కుతారు.”

“భయం భయమే కదా సార్. ఎవరి వల్లయితేనేం?” అంది రెహానా.

“పెద్దవాళ్ళు ప్రతిదానికీ కంగారు పడతారమ్మా. దాన్ని భయమంటే ఎలా?”

వాళ్ళిద్దరూ హైమావతి వైపు చూశారు. ఆమె ముందే ఆలోచించుకుని వచ్చింది.

“ఇంటి గొంతుల్ని గాజుకి ముందే పరిచయం చేద్దాం. ఆ గొంతు దగ్గర్లో వినిపిస్తున్నప్పుడు ఎంత బెదురున్నా గాజు పట్టించుకోదు. బయటి గొంతైతేనే ఖాతా మూస్తుంది.”

“మరి దొంగే ఇంటి గొంతుతో వస్తే?” అంది రెహానా. “ఇప్పుడు గొంతు దొంగిలించడం ఎంతసేపు మేడమ్? ఒక్క వీడియో దొరికితే చాలు, కంప్యూటరే ఆ గొంతుతో మాట్లాడేస్తుంది.”

“దానికి తర్వాతి విడతలో ఏదైనా చూద్దాం.”

“తర్వాత అంటే...”

“రెహానా, ఇది చాలు. ఇప్పుడు ప్రశ్నలు వద్దు.”

చక్రపాణి సంతోషపడ్డాడు. బ్యాంకు వాళ్ళ జాగ్రత్తల వీడియో కోసం ఆ మధ్యాహ్నమే కెమెరా తెప్పించాడు. కెమెరా ముందు హైమావతి చక్కగా మాట్లాడింది. ఎవరైనా తొందరపెడితే పిన్ను కొట్టకండి, ఆగండి, ఇంట్లోవాళ్ళని అడగండి అంది. చివర్లో చిన్నగా నవ్వి, మా అత్తయ్యగారు పైడమ్మగారి చేతికి కూడా ఈ గాజు ఉంది అని చెప్పింది. ఆ వీడియోని ఊరంతా చూసింది.

గాజులు పని మొదలుపెట్టాయి. సీతమ్మధారలో ఒక రిటైర్డు టీచరు కడియం ఆయన ఖాతాని సమయానికి మూసింది. పత్రికలో ఆయన ఫోటో వేశారు. ఆ పేపరు తెచ్చి సన్యాసిరావు తల్లికి చూపించాడు. “చూసావా అమ్మా, నీ కోడలి గొప్ప!” అన్నాడు. పైడమ్మ ఆ ఫోటో చుట్టూ వేలితో రాసి, “మా తల్లే,” అంది.

*

ఆ రోజు హైమావతి బ్యాంకు మీటింగులో ఉంది. ఫోను ఆపేసుకుంది. ఇంటికొచ్చేసరికి పైడమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

“పని అయిపోయిందేటమ్మా? నువ్వు సెప్పగానే పంపేసేను. ఆలీసం సెయ్యలేదు.”

“ఏం పంపారు?”

“అదే, పరీచ్చకి. డబ్బు తిరిగొచ్చిందో లేదో సూడు మరి. నాకు మెసేజీ రాలేదు.”

హైమావతి చెప్పులు విడవకుండానే ఫోను లాక్కుని చూసింది. తెలియని ఖాతాకి రెండుసార్లు డబ్బు వెళ్ళింది. కింద పది రూపాయలు కూడా మిగల్లేదు. ఫాల్ కుట్టిన డబ్బంతా పోయింది.

“ఎవరు ఫోను చేశారు?”

“నువ్వే కదేటి! నీ ఫోను పాడైపోయింది, ఎవులిదో ఫోనులోంచి మాటాడతన్నాను అన్నావు. బేంకోళ్ళు పక్కనే ఉన్నారు, గాజు పరీచ్చ సేస్తన్నాం, పంపితే వెంటనే తిరిగొచ్చేస్తాది అన్నావు.” ఆమె ఆగింది. కోడలి మొహం చూసి గొంతు తగ్గిపోయింది. “నువ్వు కాదేటి?”

హైమావతి సైబరు పోలీసుల నంబరుకి ఫోను చేసింది, బ్యాంకుకి చేసింది. అవతలివాళ్ళు అడిగినవన్నీ చెప్పింది. డబ్బు అప్పటికే చేతులు మారి ఎటో వెళ్ళిపోయిందన్నారు. చేయాల్సినదంతా అయ్యాక సోఫాలో కూలబడింది. పైడమ్మ ఇంకా అక్కడే నిలబడి ఉంది.

“ఎన్నిసార్లు చెప్పానత్తయ్యా! డబ్బు మాటొస్తే ఫోను పెట్టేసి నా నంబరుకి చెయ్యమన్నానా లేదా? నా గొంతైనా సరే నమ్మొద్దన్నానా లేదా?”

“అన్నావు.”

“మరి అనుమానం రాలేదా?”

“మొదట వొచ్చింది. పెట్టేసి మళ్ళీ సేస్తానమ్మా అన్నాను. ‘ఇప్పుడు ప్రశ్నలా అత్తయ్యా, బేగి కొట్టండి’ అని కసిరింది.” పైడమ్మ నేల వైపు చూస్తూ చెప్పింది. “అప్పుడు నువ్వే అనుకున్నాను. మెత్తగా మాటాడుంటే అనుమానపడుదును.”

ఆవిడ నిష్ఠూరంగా అనలేదు. కోడలు అడిగింది కాబట్టి చెప్పింది, అంతే. కూర ఎందుకు మాడిందంటే పొయ్యి పెద్దదయింది అన్నట్టు చెప్పింది.

సన్యాసిరావు డ్యూటీ నుంచి వచ్చి సంగతి విని సోఫా చేతి మీద ఒక్కటి కొట్టాడు. “ఇంట్లో సైంటిస్టుని పెట్టుకుని కూడా మోసపోతావేటమ్మా? నీకేటి, మతి పోయిందేటి?”

“నా సెవులే సరిగా ఇనబడవు నాయినా. తప్పు నాదే,” అంది పైడమ్మ. కోడలి గొంతు గురించి, కసురుడు గురించి ఏమీ చెప్పలేదు. “కోడలు బంగారం లాటి గాజిచ్చింది. నానే తిన్నగా ఇనలేదు.”

“కాదండీ...” అంది హైమావతి.

“నువ్వూరుకో హైమా. నువ్వు వెనకేసుకొస్తే అమ్మ ఎప్పటికీ నేర్చుకోదు.”

ఆమె ఊరుకుంది. ఊరుకుంటున్నానని తెలుస్తూనే ఉంది. ఇప్పుడు చెప్తాను, భోజనాలయ్యాక చెప్తాను అనుకుంటూ కంచాలు పెట్టింది. ఎవరూ సరిగ్గా తినలేదు. అత్తగారు మజ్జిగన్నం గుజ్జుగా పిసుక్కుంటుంటే చూడలేక నీళ్ళ కోసమని లేచింది.

*

మర్నాడు ల్యాబులో రెహానా అప్పటికే ఏడో నంబరు రికార్డు తెరిచి పెట్టింది. ఇన్ని నెలల్లో అంత ఎత్తుకి ఏ గీతా లేవలేదు. గాజు అంతా గమనించింది. నాడి పట్టుకుంది, ఊపిరి ఆగడం పట్టుకుంది. ఖాతా మూయబోయి, గొంతు వెతికి చూసుకుని ఆగిపోయింది. పక్కన అది రాసుకున్న ముక్క స్పష్టంగా ఉంది: ఇంటి గొంతు. వదిలెయ్యాలి.

“గాజు తప్పేం లేదు మేడమ్. మనం చెప్పినట్టే చేసింది,” అంది రెహానా. “ఈ ఏడో నంబరు ఎవరో గానీ, ఆ కోడలు ఇప్పుడైనా...”

“నేనే.”

రెహానాకి అర్థం కాలేదు.

“ఏడో నంబరు మా అత్తగారు. ఆ గొంతు నాది. నాకు మొదట్లోనే తెలుసు. నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు కలిపి చూసుకున్నాను. తర్వాత చెరిపేశాను.”

రెహానా మొహం ఎర్రబడింది. తను ఆ రోజు అన్న మాట గుర్తొచ్చి కాబోలు, “సారీ మేడమ్, నేను ఏదో...” అంది.

“నువ్వు అన్నది తప్పు కాదు. ఇంటి గొంతుల సంగతి బ్యాంకు కోసం పెట్టలేదు. ఆ గీతలు మళ్ళీ నా కంట పడకూడదని పెట్టాను. చక్రపాణిగారు అడగడం నాకు కలిసొచ్చింది.”

మధ్యాహ్నం చక్రపాణి ముందు కూడా అదే చెప్పింది. ఇంటి గొంతుల మినహాయింపు తీసేస్తున్నానని, అది ఉన్నంతకాలం దొంగకి మన ఇంటి మనుషుల గొంతు అరువిస్తున్నట్టేనని చెప్పింది. చక్రపాణి చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

“అందరి ఇళ్ళల్లోనూ ఉండేదే కదండీ ఇది,” అన్నాడు.

“అవును.”

“అయితే మా ఇంట్లో గాజు...” అని ఆగాడు. “తొమ్మిదో నంబరు. అందులో మగ గొంతు అన్నారు. సరే, వదిలెయ్యండి. పై వాళ్ళతో మాట్లాడి చెప్తాను.” లేచేటప్పుడు ఎవరి మొహమూ చూడలేదు. ఆ తర్వాత బ్యాంకు నుంచి మళ్ళీ కబురు రాలేదు. కాలనీలో ఆ వీడియోని మాత్రం ఇంకా ఎవరో ఒకరు పంపుతూనే ఉన్నారు.

ఆ రాత్రి భర్తకి చెప్పింది. ఆయన అంతా విని, “అమ్మ నిన్ను చూసి భయపడ్డమేటి, ఊరుకో,” అన్నాడు. కాసేపటికి, “నన్ను చూసి కూడా అంతేనంటావా?” అని అడిగాడు.

*

నెల తిరిగింది. పింఛను పడింది.

హైమావతి ఆ పొద్దున సెలవు పెట్టింది. చేతిసంచి భుజాన వేసుకోలేదు. అత్తగారి పక్కన కింద చాప మీద కూర్చుంది. ఎంత పంపాలో తను నొక్కలేదు.

“అత్తయ్యా, ఇది మీ డబ్బు. వాయిదా మేమిద్దరం చూసుకుంటాం. మీరు పంపాలనిపిస్తే పంపండి, పళ్ళ డాక్టరుకే కట్టుకుంటారో, దాచుకుంటారో మీ ఇష్టం. తొందరేమీ లేదు.”

“అలగేనమ్మా.”

ఆమె ఫోను చేతిలోకి తీసుకుని, ఎంత పంపాలో తనే నొక్కింది. హైమావతి ఎటూ మొహం తిప్పలేదు, గొంతు ఎంతో తగ్గించింది. ముందు రోజు వంటింట్లో ఒక్కతే నిలబడి ఆ నాలుగు మాటలూ ఎలా అనాలో అనుకుని చూసుకుంది కూడా. పైడమ్మ పిన్ను ఒక్కొక్క అంకే కొట్టింది. గాజు సన్నగా వణికింది. ఖాతా మూసుకుపోయింది.

పైడమ్మ బెంబేలెత్తిపోయింది. “నానేటీ సెయ్యలేదమ్మా! తిన్నగానే కొట్టేను. ఇదేటో దీనికి తెలివి లేదు. నాకేటీ బయ్యం లేదు, ఒట్టు. తీసెయ్యనా దీన్ని?”

“వద్దు. ఉండనివ్వండి.”

“నీ మీద నాకు బయ్యమేటమ్మా? ఇది తప్పు సెప్తంది.”

“అది తప్పు చెప్పదత్తయ్యా. నేనే చేశాను దాన్ని.”

గంట గడిచాక మళ్ళీ ప్రయత్నించారు. హైమావతి ఈసారి పక్కన కాక, దూరంగా కుర్చీలో కూర్చుంది. గాజు మళ్ళీ వణికింది. పైడమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోడలికి ఏదో అపకారం చేసినట్టు, చేతిని చెంగు కింద దాచుకుంది.

ఆ పైన గంటకి హైమావతి లేచి చెప్పులు వేసుకుంది. “నేను బయట ఉంటాను. మీ పని అయ్యాక తలుపు తీయండి. అయ్యేదాకా తీయకండి,” అని చెప్పి, తలుపు దగ్గరికి లాగింది. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది.

వరండాలో నిలబడింది. మెట్ల మీంచి పై అంతస్తు గౌరీశ్వరి చేతిలో చీర మడత పెట్టుకుని వచ్చింది.

“ఏటి మేడమ్, ఆపీసు లేదా? తాళం మరిసిపోయేరా?”

“లేదండీ. అత్తయ్యగారు లోపల ఉన్నారు.”

“మరి బయట నిలబడ్డారేటి? ఫాలుకి ఇద్దావని వొచ్చేను, తలుపు కొట్టనా?”

“కొట్టకండి, కాసేపాగండి. డబ్బు పని చూసుకుంటున్నారు.”

గౌరీశ్వరి చీర చంక మార్చుకుని గట్టిగా నవ్వింది. “దానికి మీరు బయటికెందుకు రావాలి? మీరేటి, దొంగేటి?”

హైమావతి కూడా నవ్వబోయింది. నవ్వు రాలేదు. గౌరీశ్వరి మెల్లగా నవ్వు ఆపి, ఆమె మొహంలోకి చూసి, గోడకి ఆనుకుని నిలబడింది. లోపల నుంచి ఇంకా పిలుపు రాలేదు.